ఏ సత్రంలో దిగారు?

శివరాత్రి నాడు కోటప్పకొండ కింద పలకరింపుగా వినిపించే మాట ఒకటుంది. "ఏ సత్రంలో దిగారు?" చెవికి మర్యాదగానే ఉంటుంది. ఎండన పడి వచ్చారు, ఎక్కడ నడుం వాల్చారు అని అడిగినట్టే ఉంటుంది. మా నరసరావుపేట వైపు వాడికి మాత్రం దాని కడుపులో ఉన్న రెండో ప్రశ్న కూడా వినపడుతుంది. కొండ కింద సత్రాలు కులాలవారీగా లేచినవి మరి. సత్రం పేరు చెబితే మీరెవరో, మీకు ఏ ఊళ్లతో సంబంధాలుంటాయో, మీ ఓటు ఎటు పడి ఉంటుందో అడిగినవాడు లెక్క కట్టేసుకుంటాడు.

ఉపవాసం పేరుకే. పొద్దెక్కేసరికి సత్రాల వెనక గాడిపొయ్యిలు రాజుకుంటాయి. గుండిగల్లో పప్పు ఉడుకుతుంటే ఆ వాసనకు కులం ఉండదు, గోడ దాటి రోడ్డు మీదికి వచ్చేస్తుంది. రోడ్డు మీద ఊరి పేరుతో ప్రభ కదులుతుంటుంది. వెదురు కట్టిన ఆకాశమంత ఎత్తు, దాని ఒళ్లంతా లైట్లు. దాన్ని లాగేటప్పుడు తాడు ఎవరు పట్టుకున్నారో ఎవరూ అడగరు. తాడు వదిలి చేతులు కడుక్కున్నాకే ఎవరి సత్రం వాళ్లది.

నిరుడు సంక్రాంతి వెళ్లాక ఒక అమ్మాయి ఫోన్ చేసింది. మా జిల్లా పరిషత్ హైస్కూల్లో నా దగ్గర అయిదేళ్లు చదివింది. కొండకు కూతవేటు దూరంలో ఉన్న ఊరు, ఆ ఊరికి దక్షిణాన ఉన్న పల్లె. ఇప్పుడు హైదరాబాదులో ఒక యూనివర్సిటీలో ఎమ్మే. "సార్, క్యాంపస్‌లో మావాళ్ల సంఘం ఒకటుంది. మెంబర్‌గా చేరమంటన్నారు. చేరేదా వద్దా తేలటంలా" అంది. ఏమిటి ఇబ్బంది అన్నాను. "చేరితే నేనెవరో అందరికీ తెలిసిపోద్ది సార్. చేరకపోతే నేనెవరో నాకే తెలవకుండా పోద్దేమో అనిపిస్తంది."

ముప్పై ఏళ్లు బ్లాక్‌బోర్డు ముందు నిలబడినవాడికి ఏ ప్రశ్నకైనా చటుక్కున జవాబు చెప్పే జబ్బు ఉంటుంది. ఆ రోజు మాత్రం నోరు పెగల్లేదు. "ఆలోచించి చెబుతానమ్మా" అన్నాను. ఆలోచించడం అంటే నాకు పాత కాగితాలు తిరగేయడమే. తిరగేస్తే తేలింది, ఈ ప్రశ్నకు వందేళ్లు దాటిందని. పుట్టింది ఒక్క చోట కూడా కాదు.

1906 డిసెంబరు 4. అమెరికాలో ఇథాకా అనే చలి ఊరు, అక్కడ కార్నెల్ యూనివర్సిటీ. ఏడుగురు నల్ల విద్యార్థులు కలిసి ఆల్ఫా ఫై ఆల్ఫా అనే సోదర సంఘం పెట్టుకున్నారు. అక్కడి తెల్లపిల్లలకు అప్పటికే గ్రీకు అక్షరాల పేర్లతో ఫ్రెటర్నిటీలు ఉన్నాయి. సొంత ఇళ్లు, సొంత వంటవాళ్లు, రహస్య ప్రమాణాలు, చదువయ్యాక ఉద్యోగం ఇప్పించే అన్నలు. నల్లపిల్లలకు వాటిలో ప్రవేశం లేదు. వడ్డన పనికి మాత్రం ఉంది. ఆ ఇళ్ల భోజనాల బల్లల దగ్గర కంచాలు అందించి ఫీజు కట్టుకున్న కుర్రాళ్లున్నారు. చదువు మధ్యలో మానేసి తిరిగి రానివాళ్లూ ఉన్నారు. ఒంటరితనం మనిషిని కాలేజీ నుంచి వెళ్లగొట్టగలదని వాళ్లకు పుస్తకంలో చదివితే తెలిసింది కాదు.

ఆ కుర్రాళ్లు ఒక్క దెబ్బన తేల్చుకున్నారనుకుంటే పొరపాటు. మొదట వాళ్లది కలిసి చదువుకునే సాహిత్య సంఘం. దాన్ని ఫ్రెటర్నిటీగా మార్చాలా వద్దా అని నెలల తరబడి వాదించుకున్నారు. మనల్ని గుమ్మం బయట నిలబెట్టినవాళ్ల పద్ధతినే మనం ఎత్తుకోవడమేమిటని ఒక వర్గం. ఆ పద్ధతిలో బలముంది, ఆ బలం మనకూ కావాలని ఇంకో వర్గం. రెండోవాళ్లు నెగ్గారు. మొదటివాళ్లది తప్పని నేను అనలేను. ఆ వాదం ఇప్పటికీ తెగలేదు.

తర్వాత ఆడపిల్లలు. 1908లో వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీలో ఆల్ఫా కప్పా ఆల్ఫా. 1913లో అక్కడే ఇరవై ఇద్దరు కలిసి డెల్టా సిగ్మా థీటా. సంఘం పెట్టి రెండు నెలలు తిరక్కుండానే, మార్చి 3న, ఆడవాళ్లకు ఓటుహక్కు కోసం వాషింగ్టన్ వీధుల్లో జరిగిన ఊరేగింపులో వాళ్లు నడిచారు. 1935 నుంచి 1942 దాకా ఆల్ఫా కప్పా ఆల్ఫా అమ్మాయిలు ఎండాకాలాల్లో మిసిసిపీ పల్లెలకు డాక్టర్లనూ నర్సులనూ తీసుకెళ్లి పత్తి కూలీల పిల్లలకు టీకాలు వేయించారు. 1963 నాటికి ఇలాంటి సంఘాలు తొమ్మిదయ్యాయి. మార్టిన్ లూథర్ కింగ్ ఆల్ఫా వాడు. కమలా హారిస్ 1986లో హోవర్డ్‌లో ఆల్ఫా కప్పా ఆల్ఫాలో చేరింది. వీటిలో చేరడం కాలేజీ నాలుగేళ్లకు సరిపెట్టుకునేది కాదు. తలనెరిసినా చందా కడతారు, చనిపోతే సంఘం వాళ్లు వచ్చి తమ పద్ధతిలో సాగనంపుతారు. మన వైపు కుల సంఘాలు కూడా చావుకు వస్తాయి, కాకపోతే ఫ్లెక్సీతో వస్తాయి.

ఇక ఆ 1906లోనే, అమెరికా వార్త చెవిన పడే వీలే లేని నిజాం హైదరాబాదులో, దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ జగన్మిత్ర మండలి పెట్టారు. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు. ఇథాకా కుర్రాళ్ల ఈడే. వాళ్లకు గ్రీకు అక్షరాలు దొరికాయి, ఈయనకు హరికథ దొరికింది. కథలు చెప్పించి జనాన్ని పోగేసి, తాగుడు మానమని, పిల్లల్ని బడికి పంపమని చెప్పించారు. తానే బడులు తెరిచారు. 1911లో మండలి మాన్యసంఘం అయింది. 1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాజన సభ అని పిలిచి, ఆయన అధ్యక్షతన జనం కూర్చున్నాక, పంచములు అనే పేరే మాకొద్దు, ఈ నేలకు మొదటివాళ్లం, ఆది ఆంధ్రులం అని పేరు మార్చేసుకున్నారు. సభకు వచ్చినవాళ్లు ఒక పేరుతో లోపలికి వెళ్లి ఇంకో పేరుతో బయటికి వచ్చారు. చేరడం అంటే అసలు ఇది కదా అనిపిస్తుంది నాకు. ఉన్న పేరు మీద సంతకం పెట్టడం కంటే, ఎదుటివాడు పెట్టిన పేరు కొట్టేసి మన పేరు మనం రాసుకోవడం.

పల్నాడుకు వద్దాం. ఇక్కడ కిందివాళ్లకు మొదట దొరికిన సత్రం మిషన్ బోర్డింగు. లూథరన్ ఫాదర్ హేయర్ 1842లో గుంటూరులో దిగి, తర్వాత గురజాలకు మకాం మార్చాడు. ఒంగోలు వైపు బాప్టిస్టు క్లౌ దొరగారు 1878 జులై 3న ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం ఇప్పించారు. ఇద్దరూ అమెరికా నుంచి వచ్చినవాళ్లే. తమ దేశంలో నల్లపిల్లలకు చాలా కాలేజీల గుమ్మం తెరుచుకోని రోజుల్లో ఆ దేశం డబ్బుతోనే మా పల్లెల పిల్లలు పలక పట్టారు. చరిత్రకు ఇలాంటి చమత్కారాలంటే మహా ఇష్టం.

ఆ తర్వాత పైకులాల, నడిమి కులాల హాస్టళ్లు. బ్రాహ్మణేతరులకు పట్నంలో గది దొరకని, పూటకూళ్ల ఇంట్లో పంక్తిలో చోటు దొరకని కాలం అది. 1916లో మద్రాసులో జస్టిస్ పార్టీ పుట్టుక, 1918లో హైదరాబాదులో కొత్వాల్ వెంకటరామారెడ్డి రెడ్డి హాస్టల్, ఆ తర్వాత ఒక్కో కులానికి ఒక్కో హాస్టల్ అన్నీ ఆ గాలివాటమే. అవి పుట్టినప్పుడు గుమ్మం బయట నిలబడ్డవాళ్లు కట్టుకున్నవే. ఆ మాట ఒప్పుకోవాలి. సురవరం ప్రతాపరెడ్డి లాంటివాళ్లు ఆ రెడ్డి హాస్టల్ బాధ్యత మోశారు. రావి నారాయణరెడ్డి అక్కడ చదువుకుని కమ్యూనిస్టయి, భూస్వాముల మీదికే జనాన్ని నడిపించారు. సత్రంలో తిన్న ప్రతివాడూ సత్రం మాటే మాట్లాడడు.

కాని గుమ్మం బయట ఉన్నప్పుడు కట్టుకున్న ఇంటికి, గుమ్మం లోపలికి వచ్చాక తాళం ఎందుకు? ఇది నన్ను నేను అడుక్కోవలసిన మాట. 1970ల్లో గుంటూరులో నేను చదివింది మా కులం హాస్టల్లో. చేర్చుకునేటప్పుడు వార్డెను మార్కులు అడగలేదు. మా నాన్న పేరు, అమ్మ పుట్టిల్లు అడిగి, "మనోళ్లే" అని రిజిస్టర్లో రాసుకున్నాడు. ఇంటి నుంచి బియ్యం బస్తా తెచ్చి పడేస్తే ఏడాది గడిచేది.

నా క్లాసులో వినుకొండ వైపు నుంచి వచ్చిన కుర్రాడొకడు సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో ఉండేవాడు. లెక్కల్లో నాకంటే దిట్ట. ఒక ఆదివారం మధ్యాహ్నం నా నోట్సు తిరిగి ఇవ్వడానికి మా హాస్టల్ దాకా వచ్చాడు. గేటు బయట వేపచెట్టు కింద నిలబడ్డాడు. లోపల మెస్సులో ఆదివారం కోడికూర. గంట కొట్టారు. నేను బయటికి వెళ్లి నోట్సు తీసుకున్నాను, థాంక్స్ రా అన్నాను. వాడు వెళ్లిపోయాడు. వాణ్ణి లోపలికి రావద్దని ఎవరూ అనలేదు. బోర్డు లేదు, రూలు లేదు. "రారా, తిని పోదువు" అని నేను అనలేదు, అంతే. యాభై ఏళ్లయింది, ఆ చెట్టు నీడ ఎటు పడిందో కూడా చెప్పగలను.

వినుకొండ అంటే జాషువా గుర్తుకొస్తాడు ఎవరికైనా. 1895లో అక్కడ పుట్టిన గుర్రం జాషువాకు మా లోకంలో ఏ సత్రమూ సరిపోలేదు. తండ్రిది ఒక కులం, తల్లిది ఇంకో కులం. బడిలో దూరంగా కూర్చోబెట్టారు. పుట్టుకతో క్రైస్తవుడు, పద్యానికి ఎత్తుకున్నది పురాణం. అందుకు క్రైస్తవులూ మూతి ముడిచారు. ఎవరి పంక్తిలోనూ కూర్చోకుండా తన విస్తరి తాను వేసుకుని 1941లో గబ్బిలాన్ని రాయబారం పంపాడు. ఫోన్ చేసిన ఆ అమ్మాయికి జాషువా పేరు చెబుదామని చాలాసార్లు అనుకున్నాను. ఏ సంఘమూ అక్కర్లేదు, నువ్వు నువ్వుగా నిలబడమని. చెప్పలేకపోయాను. జాషువా చేతిలో పద్యం ఉంది. హాస్టల్ గది కోసం సూపరింటెండెంటు ఆఫీసు చుట్టూ తిరిగే పిల్ల చేతిలో ఏముంటుంది? ఒంటరిగా నిలబడమనే సలహా ఇవ్వడానికి మనకు ఖర్చేమీ కాదు.

1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపారు. బతికినవాళ్లు చీరాల వచ్చి తలదాచుకున్నారు. ఆ శిబిరంలోంచే ఆ సెప్టెంబరులో దళిత మహాసభ పుట్టింది. ఆ సభ నాయకులు కత్తి పద్మారావు, బొజ్జా తారకం పేర్లు అప్పటి నుంచే మా స్టాఫ్ రూముల్లో వినపడడం మొదలైంది. కొందరికి గౌరవంగా, కొందరికి కంటగింపుగా. 1991 ఆగస్టు 6న చుండూరు. ఎనిమిది మంది. ఆ రెండు ఊళ్ల పేర్లు తెలిసిన తరం పిల్లలు యూనివర్సిటీలకు చేరాక, 1993లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ (ఏఎస్‌ఏ) వచ్చింది. అప్పటిదాకా పల్లెల నుంచి వచ్చిన పిల్లలు ఎర్రజెండా సంఘాల్లో చేరేవాళ్లు. పోస్టర్లు అంటించడం, మీటింగుకు జనాన్ని పోగేయడం వీళ్ల పని. మైకు ముందు నిలబడేది ఇంకొకరు. ఇథాకాలో వడ్డించిన కుర్రాళ్ల కథే, బల్ల మారింది.

గుంటూరు కుర్రాడు రోహిత్ వేముల ఈ దారి నడిచినవాడే. మొదట వామపక్ష విద్యార్థి సంఘంలో ఉన్నాడు, తర్వాత ఏఎస్‌ఏలోకి మారాడు. 2016 జనవరి మొదట్లో అతన్నీ మరో నలుగుర్నీ హాస్టల్ నుంచి బయటికి పంపారు. క్యాంపస్‌లోనే ఆరుబయట పరుపులు వేసుకుని, చుట్టూ తమ పెద్దల బొమ్మలు పెట్టుకుని, దానికి వెలివాడ అని పేరు పెట్టుకున్నారు. ఆ నెల 17న అతను చనిపోయాడు. నాకు ఫోన్ చేసిన అమ్మాయి అప్పుడు చిన్న క్లాసులో ఉంది. ఆ వారం పేపర్లో ఫొటో చూసి, "ఈయన మన గుంటూరేనంట సార్" అంది. సిలబస్ అవ్వాలి, పాఠం చూడమన్నాను.

అంటే సంఘం కాపాడుతుందా, ముంచుతుందా? ఇలా అడిగేవాళ్లు చాలామంది. నాకు ఆ ప్రశ్నే వంకరగా కనిపిస్తుంది. సంఘంలో చేరినందుకు వెలి పడలేదు. వెలి ముందే ఉంది, సంఘం దానికి పేరు పెట్టింది.

అలాగని సంఘాలకు హారతి పట్టనక్కర్లేదు. నల్లవాళ్ల ఫ్రెటర్నిటీల మీద గట్టి దెబ్బ వేసింది నల్ల సామాజిక శాస్త్రవేత్తే. ఫ్రాంక్లిన్ ఫ్రేజియర్ 1957లో ఇంగ్లిషులో వచ్చిన 'బ్లాక్ బూర్జువాజీ'లో, చదువుకున్న కాస్తమంది ఆడంబరాల్లో పడి కింద ఉన్న జాతిని మరిచారని ఉతికి ఆరేశాడు. కొత్తగా చేరేవాళ్లను పరీక్ష పేరుతో కొట్టడం, వేధించడం అక్కడ ఎంత ముదిరిందంటే, 1990లో ఆ సంఘాలన్నీ కలిసి పాత పద్ధతి ఎత్తేయాల్సి వచ్చింది. ఎత్తేసినా చాటుమాటుగా సాగుతూనే ఉంది. మనకూ 1997లో ర్యాగింగ్ మీద చట్టం వచ్చింది, ర్యాగింగ్ చట్టం కంటే పట్టుదల గలది. ఇక ఇక్కడి కథ చూస్తే, మావాళ్లు అనే మాటలోనే మళ్లీ ఎవరు మావాళ్లు అన్న పేచీ. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మోగింది. రిజర్వేషన్లలో వాటా మాకు అందలేదన్న ఆ కేకకు సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న ఎస్సీ వర్గీకరణ చెల్లుతుందని చెప్పేదాకా ముప్పై ఏళ్లు పట్టింది. అణిగినవాళ్ల సత్రంలోనూ వెనక వరస ఒకటుంటుంది. ఆడపిల్లలది ఆ వెనక వరసలో కూడా వెనక. ఆ అమ్మాయే చెప్పింది: "మీటింగులో కుర్చీలు వేసేది మేమే సార్, ఫొటోలో నిలబడేది వాళ్లు."

అమెరికాలో మన తెలుగువాళ్ల సంగతి రెండు ముక్కల్లో. 1977లో తానా మహాసభలతో మొదలై, తర్వాత ఆటా, ఇంకా ఎన్నో. ఎవరు ఏ సంఘానికి వెళతారో అక్కడివాళ్లకూ మనకూ కూడా తెలుసు. సముద్రం దాటినా సత్రం వెంట వెళ్లింది. ఆ ఇళ్లల్లో పుట్టిన పిల్లలు మాత్రం దక్షిణాసియా వాళ్లందరికీ కలిపి పెట్టిన గ్రీకు అక్షరాల సంఘాల్లో చేరుతున్నారు. 1990ల్లో పుట్టినవి అవి. రంగు ఒకటైతే చాలు, కులం అడగరట. అడగకపోయినా ఇంటిపేరు చెప్పేస్తుంది కదా అని నా పల్నాటి బుద్ధికి తోస్తుంది.

మనకు ఇంకో పాత సంఘం ఉంది. దాన్ని సంఘమని ఎవరూ అనరు. పన్నెండో శతాబ్దంలో మాచర్ల బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించాడని, కన్నమదాసుకు సేనాపతి పదవి ఇచ్చాడని మా వైపు పిల్లలు ఉగ్గుపాలతో వింటారు. కారెంపూడిలో ఏటా కార్తీకంలో వీరారాధన అయిదు రోజులు. ఆచారవంతులు వీరుల ఆయుధాలు ఎత్తుకుని ఊళ్ల నుంచి వస్తారు. మందపోరు నాడు చాపకూడు. నేనూ రెండుసార్లు ఆ ముద్ద తిన్నాను. పక్కన ఎవరున్నారో చూడకుండానే తిన్నాను. చేయి కడుక్కుని బస్సెక్కి ఊళ్లో దిగాక మా బజారుకు నేను, వాళ్ల పల్లెకు వాళ్లు. ఎనిమిది వందల ఏళ్లు దాటినా ఏడాదికి ఒక్క పూటే చాప పరుస్తున్నామంటే తప్పు బ్రహ్మనాయుడిది కాదు.

ఇదంతా పేజీల కొద్దీ రాసుకుని ఆ పిల్లకు ఫోన్ చేశాను. పూర్తిగా విన్నది, మంచి శిష్యురాలు. చివర్న అడిగింది. "మీరు మీ హాస్టల్లో చేరేటప్పుడు ఎన్ని రోజులు ఆలోచించారు సార్?"

ఆలోచించలేదు. రిజిస్టర్లో పేరు రాసుకున్నారు, అంతే. చేరాలా వద్దా అన్న తర్జనభర్జన నా జీవితంలో ఒక్క పూటైనా లేదు. పుట్టినప్పుడే చేర్పించేశారు, చందా కూడా అడక్కుండా.

ఈ శివరాత్రికి తను వచ్చింది. వెంట ఇద్దరు స్నేహితురాళ్లు, ఒకమ్మాయిది నిజామాబాదు. మెట్ల దారిన ఎక్కి, ఆనందవల్లి గుడి దగ్గర ఆగి, త్రికోటేశ్వరుణ్ణి చూసి దిగారు. ఫారం ఇచ్చేశావా అంటే బ్యాగు తట్టి చూపించింది. నింపింది, సంతకం పెట్టలేదు. కింద జనం, దుమ్ము, ఎక్కడో మైకులో పాట. పురుషోత్తమపట్నం ప్రభ వస్తోందని ఎవరో అరుస్తున్నారు. ఎండకు నిజామాబాదు పిల్ల మొహం వాడిపోయింది.

"ఎక్కడన్నా కాస్త కూర్చుని తిందాం సార్. మావాళ్ల సత్రం ఎటుపక్క?"

అరవై శివరాత్రులుగా ఆ రోడ్డు మీద నడుస్తున్నాను. కళ్లు మూసుకుని వరసగా బోర్డులు చదవగలననుకునేవాణ్ణి. అటు చూశాను, ఇటు చూశాను. చివరికి పక్కనున్న టీ కొట్టతన్ని అడిగాను.

అతను గ్లాసు కడుగుతూ ముందు నన్ను చూశాడు, తర్వాత ఆ ముగ్గురినీ చూశాడు. "ఎవరికండీ?" అన్నాడు.